లఘుపాదుకా స్తోత్రం

భద్రాచలం గాలి పీల్చి పెరిగినవాడికి దేవుణ్ణి నిలదీయడం కూడా పూజలో భాగమే. పాల్వంచ పరగణా తహసీల్దారు కంచర్ల గోపన్న సర్కారు సొమ్ముతో గుడి కట్టించాడు. ఆ నేరానికి గోలకొండ చెరసాలలో కూర్చుని, రాములవారికి నగానగకూ పద్దు చదివి వినిపించాడు. స్వామి నొచ్చుకోలేదు సరికదా, తమ్ముణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళి తానీషాకు బాకీ కట్టి వచ్చాడని మా వైపు ఏ పిల్లవాణ్ణి అడిగినా చెబుతాడు. ఆ ధైర్యంతోనే నేనూ నీ ముందు చేతులు జోడించి నిలబడ్డాను, ఓ తేలికపాటి టెన్నిస్ బూటా! గోపన్న నగల లెక్క చెప్పాడు, నేను గ్రాముల లెక్క చెబుతాను. బాకీ తీరుతుందన్న ఆశ మాత్రం నాకు లేదు. నీ వాపసు గడువు ఎప్పుడో దాటిపోయింది.

ముందు నీ బరువును కీర్తించాలి, నీ దగ్గర లేనిది అదే కనుక. మామూలు మగవాళ్ళ టెన్నిస్ బూటు ఒక్కోటి 350 నుంచి 400 గ్రాముల దాకా తూగుతుంది. నువ్వు 300 దగ్గర ఆగిపోయావు. టెన్నిస్ బంతి బరువు నిబంధనల ప్రకారం 56 గ్రాములకు తగ్గకూడదు, 59.4 గ్రాములకు మించకూడదు. అంటే కాలికొక బంతి చొప్పున, సుమారు 60 గ్రాములు, నా మీది బరువు దించేశావు. ఇంత దయ ఈ రోజుల్లో ఎవరు చూపిస్తారు? పరుగెత్తేవాళ్ళ మీద చేసిన పరిశోధనల్లో, ఒక్కో బూటు 100 గ్రాములు తగ్గితే ఒంటి శ్రమ సుమారు ఒక శాతం తగ్గుతుందని తేలింది. ఆ లెక్కన నాకు అర శాతం పైచిలుకు ఆదా చేసిపెట్టావు. నా నడుము చుట్టూ పేరుకున్న కిలోల సంగతి మాత్రం ఎత్తలేదు. పెద్దమనిషివి, ఎత్తిపొడిచే గుణం నీకు లేదు. ఇక నీ ధర! జత 12 వేలు, జత బరువు 600 గ్రాములు. కిలో 20 వేలు పడుతుంది. సరుకు తగ్గేకొద్దీ ధర పెరగడం బంగారానికి కూడా చేతకాని విద్య.

ఆ పరిశోధనలు తిన్నగా పరుగెత్తేవాళ్ళ మీద చేసినవి. టెన్నిస్ కోర్టులో తిన్నగా పరుగెత్తేది బంతులు ఏరుకొచ్చే కుర్రాడొక్కడే. ఆడనివాళ్ళు దీన్ని పరుగుల ఆట అనుకుంటారు. సింగిల్స్ కోర్టు వెడల్పు 8.23 మీటర్లు, ఈ మూల నుంచి ఆ మూలకు కాసిని అంగలు. పాయింట్లు చాలావరకు పది సెకన్లు కూడా సాగవు. ఆ కాస్త సేపట్లో ఆటగాడు చేసేదల్లా కదలడం, ఆగడం, మళ్ళీ వెనక్కి మళ్ళడం. కష్టమంతా ఆగడంలోనే ఉంది. ఒళ్ళు కుడివైపు దూసుకుపోతుంటే కుడికాలి బయటి అంచు మీద ఆ ఊపంతా నిలబెట్టి, అక్కడి నుంచే ఎడమవైపు తోసుకోవాలి. ఒంటి బరువును మించిన బలం ఆ అంచు మీద పడుతుంది. పరుగులో నువ్వు గాలివి. ఆగడంలో కూడా గాలివే. ఇంత నిలకడైన స్వభావం నేనెక్కడా చూడలేదు.

నీ వైరాగ్యాన్ని ఎంత పొగిడినా తక్కువే. 60 గ్రాములు ఊరికే రాలిపోవు, దేన్నో ఒకదాన్ని వదులుకోవాలి. బరువైన బూట్లు సంసారులు. పాదం మధ్యలో మెలి తిరక్కుండా అడుగున గట్టి ప్లాస్టిక్ పట్టీ పెట్టుకుంటాయి, మడమ చుట్టూ బిరుసు దొప్ప కట్టుకుంటాయి. సర్వీసు చేసేటప్పుడు వెనక కాలి బొటనవేలు నేల మీద ఈడ్చుకుపోతుంది కనుక అక్కడొక కవచం తొడుక్కుంటాయి. బయటి అంచును కాస్త వెడల్పు చేసుకుంటాయి. నువ్వు ఇదంతా మాయ అని గ్రహించావు. పట్టీ వదిలావు, దొప్ప పల్చన చేశావు, కవచం కర్ణుడిలా కోసి ఇచ్చేశావు. ఒంటి మీద ఒక వలబట్ట మిగుల్చుకుని నురుగు మెత్త మీద పద్మాసనం వేశావు. పర్ణశాల మా దుమ్ముగూడెం మండలంలోనే ఉంది, నారచీరలు కట్టుకున్నవాళ్ళు మాకు కొత్త కాదు. అయితే ఆ నారచీరలకు ధర చీటీ వేలాడేది కాదు.

నీ సన్యాసం ఫలితం నా చీలమండకు దక్కింది. నీ నురుగు మెత్త ఎత్తుగానూ ఉంటుంది, మెత్తగానూ ఉంటుంది. నేను బయటికి ఒరిగితే మర్యాదకు తనూ ఒరుగుతుంది. వలబట్ట పాదాన్ని పట్టి ఉంచదు, వెళ్ళేవాణ్ణి వెళ్ళనిస్తుంది. ఒక సాయంత్రం బంతి కోసం పక్కకు సాగినప్పుడు నా పాదం నీ అంచు దాటి బయటికి వెళ్ళిపోయింది, నువ్వు మాత్రం ఉన్నచోటే ఉండిపోయావు. చీలమండ బయటివైపు లిగమెంటు సాగింది. ఆ వానాకాలం చాలాభాగం దిండు మీద కాలు పెట్టుకుని గడిపాను. అంత విశ్రాంతి నాకు ఏ పై అధికారీ మంజూరు చేయలేదు. నీ ఋణం ఎలా తీర్చుకోను?

దుమ్ముగూడెంలో టెన్నిస్ ఏమిటని ముక్కు మీద వేలేసుకునేవాళ్ళకు ఒక మాట. మా దగ్గర వాలీబాల్‌కు కొదవ లేదు, కబడ్డీకి కొదవ లేదు. టెన్నిస్ పిచ్చి పట్టిన మేం నలుగురం మాత్రం, వాలీబాల్ కుర్రాళ్ళు రాకముందే వాళ్ళ నెట్టును కిందికి దించి కడతాం. ఆ నెట్టు మీటరు వెడల్పు ఉంటుంది. పైతాడును మూడడుగుల ఎత్తుకు దించితే కింది అంచు నేలకు ఆనుతుంది, అచ్చంగా టెన్నిస్ నెట్టే. వాళ్ళ కోర్టు పొడవు 18 మీటర్లు, మాకు కావాల్సింది 23.77. మిగతా దూరానికి సున్నంతో గీతలు పొడిగిస్తాం. వాన పడితే పోతాయి, మేకలు నడిచినా పోతాయి. బంతి లోపల పడిందా బయట పడిందా అన్న తగువును ఇంతవరకు ఏ కెమెరా తీర్చలేదు. గొంతు పెద్దదున్నవాడే అంపైరు.

అలాంటి నేల మీదికి నువ్వు దయచేశావు. నీ వంశం తక్కువదా! చిత్రకూటంలో భరతుడు అన్నగారి పాదుకలు తలకెత్తుకుని వెళ్ళి, నందిగ్రామంలో 14 ఏళ్ళు వాటి పేర రాజ్యం నడిపాడు. ఆ 14 ఏళ్ళలో అవి ఒక్క అడుగు కూడా నేల మీద వెయ్యలేదు కనుకే అరగలేదని నా అనుమానం. నిన్ను తయారుచేసినవాళ్ళు ఆ రహస్యం కనిపెట్టినట్టున్నారు. అద్దాల బీరువాలో, ఫోను తెర మీద నీ అంత మన్నికైన బూటు మరొకటి లేదు. పాదుకలు ఇచ్చేసిన అన్నగారేమో మా వైపు అడవికొచ్చి, ఇక్కడే ఖరదూషణులతో సహా 14 వేల మంది రాక్షసులను కూల్చాడని మావాళ్ళ నమ్మకం. ఆ రాక్షసుల బూడిద మీదే మా ఊరు వెలిసిందట. ఆ రోజు ఆయన కాళ్ళకు నువ్వుండి ఉంటే గెలుపంతా నీ ప్రకటనలోకి ఎక్కేది. చీలమండ మాత్రం ఆయన ఖాతాలోనే ఉండేది.

బూడిద సంగతి ఏమో కానీ, మా మొరం నేల నిన్ను ఆప్యాయంగా చేరదీసింది. వలబట్ట కన్నాల్లోంచి ఎర్రటి సన్న దుమ్ము లోపలికొచ్చి, చెమటతో కలిసి నా మేజోళ్ళకు ఇటుక రంగు వేసింది. నీ అడుగున చేపముల్లు గీతలున్నాయి. మట్టి కోర్టు మీద పట్టుకోసం పుట్టిన గీతలవి. ఫ్రెంచ్ ఓపెన్ కోర్టుల మీద చల్లే ఇటుకపొడి ఒకటి రెండు మిల్లీమీటర్ల మందం. ఆ పొడిని పట్టుకోవడం, వదిలెయ్యడం ఆ గీతలకు బాగా తెలుసు. మా మొరంలో ఉండేది పొడి కాదు, గులకరాళ్ళు. అవి ఆ గీతల్లో స్థిరనివాసం ఏర్పరచుకున్నాయి. పల్లేరుకాయలైతే నీ నురుగులోకి ఎంత సులువుగా దిగాయంటే, వాటికే సిగ్గేసి ఉంటుంది. గట్టు మీద కూర్చుని ఆట చూసే ఒక పెద్దాయన ఉన్నాడు, తునికాకు రోజుల్లో అడవంతా కలియతిరిగే మనిషి. నిన్ను తిరగేసి చూసి, తన టైరు చెప్పును నీ పక్కన పెట్టాడు. “మీది మీ కాడికొచ్చినంక అరిగింది సారూ. నాది లారీ కింద అరిగి అరిగి, అప్పుడు నా కాడికొచ్చింది” అన్నాడు. పామరుడు! నీ నురుగులో దాగిన శాస్త్రం ఆయనకేం తెలుసు?

ఆ శాస్త్రమూ చెప్పుకోవాలి. తేలిక బూట్లలో సాధారణంగా వాడే నురుగు ఈవీఏ. దాని నిండా సన్నటి గాలి బుడగలు. కాలు మోపితే నలుగుతాయి, ఎత్తితే మళ్ళీ ఉబ్బుతాయి. వాడేకొద్దీ ఆ బుడగలు నలిగినవి నలిగినట్టే ఉండిపోతాయి. వేడి తోడైతే ఆ పని ఇంకా త్వరగా అవుతుంది. బూటు పైకి కొత్తగానే కనిపిస్తుంది, లోపల మెత్తదనం మాత్రం సెలవు తీసుకుంటుంది. మోకాలికి ముందు తెలుస్తుంది, యజమానికి తర్వాత తెలుస్తుంది.

మొరం మీద నీకు న్యాయం జరగదనీ, నీ ప్రతాపం గట్టి కోర్టు మీద చూడాలనీ అమ్మినవాళ్ళు సెలవిచ్చారు. సరేనని ఆదివారాలు పట్నంలో ఒక క్లబ్బు కోర్టుకు నిన్ను మోసుకెళ్ళాను. అక్కడ నువ్వు నిజంగానే మెరిశావు. ఈ ఒక్క ముక్క స్తుతిలో వెటకారం లేదు. చదునైన శుభ్రమైన నేల మీద నీ మొదటి అడుగు చురుకు. నెట్టు దగ్గర చిన్నగా రాల్చిన బంతిని నేను అందుకున్నాను. నా వయసుకు అది పత్రికలో వెయ్యాల్సిన వార్త. వేళ్ళకు నేల తెలిసింది, కాలు బరువు మరిచిపోయింది. ఇంకా పెళ్ళికాని కుర్రాడిలా గెంతాను.

గట్టి కోర్టుకు వేసే అక్రిలిక్ రంగులో సన్నటి ఇసుక కలుపుతారు. బంతి వేగాన్ని అదుపులో పెట్టేది ఆ ఇసుకే, కాలికి పట్టు ఇచ్చేదీ ఆ ఇసుకే, రబ్బరును గీకి తినేదీ అదే. బరువైన బూటు దానికి తినడానికి కాస్త మందంగా రబ్బరు వడ్డిస్తుంది. నీ దగ్గర విందు భోజనం ఏముంది, ప్రసాదమంత రబ్బరు పొర, దాని వెనకే నురుగు. గోదావరికి కూడా కొంత మర్యాద ఉంది. భద్రాచలం దగ్గర 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జూలైలో 71 అడుగులు దాటినప్పుడు కూడా అంచెలంచెలుగా చెప్పే వచ్చింది. నువ్వు ఆ మొహమాటాలు పెట్టుకోలేదు. ఒక ఆదివారం బొటనవేలి కింద రబ్బరు ఉంది. కొన్నాళ్ళకు చూస్తే నురుగు, ఆ నురుగులో నా వేలి ముద్ర.

ఆ తర్వాత ఎండలొచ్చాయి. మేలో మా వైపు 45 డిగ్రీలు విశేషం కాదు, ఆ ఎండ కాగిన కోర్టు సంగతి చెప్పనే అక్కర్లేదు. నిన్ను నిలబెట్టింది కుట్టు కాదు, జిగురు. వేడికి జిగురు పట్టు వదిలింది. నీ ముందు భాగం నోరు తెరిచింది, నడిచినప్పుడల్లా చప్పట్లు కొట్టింది. నా ఆటకు చప్పట్లు కొట్టినవాళ్ళలో నువ్వే మొదటిదానివి. చెప్పులు కుట్టే మనిషి దగ్గరకు తీసుకెళితే ఆయన నిన్ను అటూ ఇటూ వంచి చూసి, “దీంట్ల సూది దిగుతది సారూ, దారమే నిలవది” అని తిరిగి ఇచ్చేశాడు. డబ్బులు అడగలేదు. జాలిపడ్డట్టున్నాడు, నామీదో నీమీదో.

మా ఊళ్ళో గోదావరికి అడ్డంగా 19వ శతాబ్దంలో ఇంగ్లీషు ఇంజనీర్లు ఒక ఆనకట్ట కట్టారు. పంటల కోసం కాదు, నదిలో పడవలు నడిపించడానికి. ఆ పడవల పథకం మధ్యలోనే వదిలేశారు. డబ్బు పోసి అనుకున్న ఫలం దక్కకపోవడం మాకు నీతోనే మొదలు కాలేదన్నమాట. కాకపోతే వాళ్ళు రాయి పేర్చారు. రాతి బరువు తగ్గిస్తే నది సులువుగా పారుతుందని వాళ్ళకు ఎవరూ సలహా ఇవ్వలేదు కాబోలు, ఆ కట్ట ఇంకా ఉంది.

నీ పూర్వీకులు మాకు తెలియనివాళ్ళు కారు. బాటా టెన్నిస్ అనే తెల్ల కాన్వాస్ బూటు 1936లో కలకత్తా దగ్గరి బాటానగర్‌లో పుట్టింది. టెన్నిస్ అని పేరు పెట్టుకున్న ఆ బూటును టెన్నిస్ ముఖం చూడని పిల్లలు డ్రిల్లు పీరియడ్లో వేసుకున్నారు. ఆదివారం ఉతికి, తడి మీదే సుద్దముక్క రుద్ది, గోడ మీద ఆరబెడితే సోమవారానికి తెల్లగా మెరిసేది. అదీ తేలికే, కానీ తన తేలికతనం గురించి ఎక్కడా ఉపన్యాసం ఇవ్వలేదు. 1960లలో తోలు బూటు వచ్చింది. మొదట ఫ్రెంచి ఆటగాడు రాబర్ట్ హైయే పేరుతో అడిడాస్ అమ్మిన ఆ బూటే తర్వాత స్టాన్ స్మిత్ అయింది. స్మిత్ 1971లో యూఎస్ ఓపెన్, 1972లో వింబుల్డన్ గెలిచాడు. ఇప్పుడు ఆయన పేరున్న బూటును కోర్టులో కంటే పెళ్ళి పందిళ్ళలోనే ఎక్కువ చూస్తాం. దానికి పట్టిన భోగం నీకూ పడుతుంది, తొందరపడకు. 2013 వింబుల్డన్‌లో ఫెదరర్ నారింజ రంగు అడుగున్న బూట్లు వేసుకొస్తే, తెల్లదనం చెడిందని నిర్వాహకులు వద్దన్నారు. బూట్లు మార్చి ఆడిన తర్వాతి మ్యాచ్‌లోనే, 116వ ర్యాంకులో ఉన్న స్టకోవ్‌స్కీ చేతిలో ఓడిపోయాడు. మీ వంశం దీన్ని ప్రకటనగా ఎందుకు వాడుకోలేదో నాకు ఇప్పటికీ అర్థం కాదు. 2005లో హైదరాబాదు గట్టి కోర్టు మీద సానియా మీర్జా డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ గెలిచినప్పుడు మేమంతా ఆమె ఫోర్‌హ్యాండ్ చూశాం. కాళ్ళకు ఏముందో చూసినవాడు మాలో ఒక్కడూ లేడు. అంత అమాయకులం.

ఆ పెద్ద ఆటగాళ్ళకు నువ్వు సరిపోతావు, కాదనను. వాళ్ళ చీలమండకు పట్టీ కట్టే మనిషి ఉంటాడు, జత అరిగేలోపే కొత్త జత వస్తుంది, డబ్బు ఇచ్చేది కంపెనీ. నాకు పట్టీ కట్టేది మా ఆవిడ, కట్టేటప్పుడు ఆవిడ చదివే స్తోత్రం ఇక్కడ రాయదగింది కాదు. నీ బరువైన అన్నలకు, అంటే గట్టిగా ఆడేవాళ్ళ కోసం చేసిన కొన్ని రకాలకు, కంపెనీలు అడుగు మీద ఆరు నెలల హామీ ఇస్తూ వచ్చాయి. ఆలోపు అరిగిపోతే కొత్త జత ఇస్తారు. నీలాంటి తేలిక రకాలకు ఆ హామీ సాధారణంగా కనబడదు. హామీకి కూడా బరువుంటుంది కాబోలు, దాన్నీ తీసేశారు.

పర్ణశాల ముంగిట బంగారు లేడి గెంతినప్పుడు సీతమ్మవారు దాని చర్మం మెరుపు చూశారు కానీ గిట్టలు చూడలేదు. ఆ ఊరి పక్కనే పుట్టి, ఏటా ఆ కథ వింటూ పెరిగిన నేను ఫోను తెర మీద నీ మెరుపు చూశాను. మారీచుడు కనీసం చచ్చేముందు అసలు రూపం చూపించాడు. నువ్వు ఆ తెర మీద ఇంకా ముచ్చటగానే ఉన్నావు.

ఫలశ్రుతి లేకుండా స్తోత్రం ముగించకూడదు. కొట్టుకు వెళ్ళేముందు దీన్ని ఒకసారి పఠించినవారు బూటును అరచేతిలో తూచి మురిసిపోరు. ముందు తిరగేసి రబ్బరు మందం చూస్తారు. ముక్కూ మడమా పట్టుకుని మెలిపెట్టి, నడిమధ్య సులువుగా మెలి తిరిగిందంటే పక్కన పెడతారు. మడమ దొప్పను బొటనవేలితో నొక్కి, లొత్తపడితే వదిలేస్తారు. అడుగు అంచు కుట్టి ఉందా అతికించి ఉందా అని అడుగుతారు, అడుగు మీద హామీ ఉంటే కాగితం మీద రాయించుకుంటారు. మంచి అక్రిలిక్ కోర్టూ, బక్కపల్చటి ఒళ్ళూ, ఏడాదికి రెండు మూడు జతలు కొనే స్తోమతా ఉన్న కుర్రాళ్ళు తేలిక బూటు వేసుకోండి, హాయిగా ఆడండి. మొరం నేల మీద ఆడేవాళ్ళు, నలభై దాటినవాళ్ళు, ఒకసారి చీలమండ బెణికినవాళ్ళు మాత్రం ఆ 60 గ్రాములు కాలి మీదే మొయ్యండి.